ఏజీపీ కాబోతున్న అమ్మలుకి

హైదరాబాద్

అమ్మలూ,

అమరావతి హైకోర్టులో ప్రభుత్వం తరఫున వాదించే అసిస్టెంట్ గవర్నమెంట్ ప్లీడర్ (ఏజీపీ) పోస్టుకి నీ పేరు ఖాయమైందని అమ్మ చెప్పింది. చాలా సంతోషం. మీ రోజుల్లో రాజకీయాలు ఎలా ఉండేవి నాన్నా అని పోయినసారి అడిగావు. ఫోన్లో తేలే విషయం కాదని అప్పుడు ఊరుకున్నాను.

నేనూ ప్రభుత్వం తరఫు లాయరుగా సర్వీసు మేటర్లు, అంటే ఉద్యోగులు తమ ఉద్యోగ విషయాల మీద వేసే కేసులు, చూసేవాణ్ణి. ఆ కేసుల కోసం రాజ్యాంగంలోని 371-డి అధికరణం కింద ఏర్పడ్డ అడ్మినిస్ట్రేటివ్ ట్రిబ్యునల్ హైదరాబాద్‌లోనే ఉండేది. నా రోజంతా అక్కడే గడిచేది. 1978 నుంచి ఐదేళ్లలో చెన్నారెడ్డి, అంజయ్య, భవనం వెంకట్రామ్, కోట్ల విజయభాస్కరరెడ్డి, ఇలా నలుగురు ముఖ్యమంత్రులు మారారు. ఢిల్లీ ఎవరిని అంటే వారే. ఆ విసుగంతా ఓటై 1983 జనవరి 9న ఎన్టీఆర్ లాల్ బహదూర్ స్టేడియంలో ప్రమాణం చేశారు. జనం సంబరం ఇంతా అంతా కాదు.

సరిగ్గా నెలకి, ఫిబ్రవరి 8న, రిటైర్మెంట్ వయసు 58 నుంచి 55కి తగ్గిస్తూ జీవో వచ్చింది. 55 దాటినవాళ్లు ఆ నెలాఖరుకే ఇంటికి వెళ్లాలి. 18 వేల మందికి పైగా ప్రభుత్వోద్యోగులు ఒక్కసారిగా దిగిపోయారు. కారిడార్లో ఒక హెడ్ క్లర్క్ సర్వీసు రిజిస్టర్ నకలు చేత్తో పట్టుకుని నా ముందు నిలబడ్డాడు. ఆయన కూతురి పెళ్లి మే నెలలో. మూడేళ్ల జీతం ఉందనుకుని లోను పెట్టుకున్నాడట. "మీరు అవతలి పక్షమని తెలుసండీ, అయినా మీకు కాక ఎవరికి చెప్పుకోను" అన్నాడు. నిరుద్యోగులకు చోటివ్వాలన్నది ప్రభుత్వ వాదన. అందులో న్యాయం లేకపోలేదు. 1985 జనవరిలో సుప్రీంకోర్టు ఆ తగ్గింపు చెల్లుతుందనే చెప్పింది. కానీ అప్పటికే, 1984లో, ప్రభుత్వమే మళ్లీ 58 చేసేసింది. మధ్యలో దిగిపోయినవాళ్లలో అప్పటికింకా 58 నిండనివాళ్లను వెనక్కి తీసుకోమని 1985లోనే సుప్రీంకోర్టు ఇంకో తీర్పు ఇచ్చింది. ఒక్క సంతకం అటూ ఇటూ అయితే ఎన్ని ఇళ్లు తలకిందులవుతాయో ఆ కేసుల్లో కళ్లారా చూశాను.

ఇక 1984 ఆగస్టు. ఎన్టీఆర్ అమెరికాలో గుండె ఆపరేషన్ చేయించుకుని వచ్చీ రాగానే, 16న గవర్నర్ రామ్‌లాల్ ఆయన్ని బర్తరఫ్ చేసి నాదెండ్ల భాస్కరరావుతో ప్రమాణం చేయించారు. మెజారిటీ ఎవరిదో సభలో తేల్చకుండా! ఈ వయసులో కూడా తలుచుకుంటే ఒళ్లు మండుతుంది. బలపరీక్ష సభలోనే జరగాలని బొమ్మై కేసులో సుప్రీంకోర్టు చెప్పడానికి 1994 దాకా ఆగాల్సి వచ్చింది. ఎన్టీఆర్ చక్రాల కుర్చీలో రాష్ట్రపతి భవన్‌కి వెళ్లారు, ఎమ్మెల్యేలను జైల్ సింగ్ ముందు నిలబెట్టారు. అదంతా నువ్వు చదివే ఉంటావు.

చదివి ఉండనిది ఇది. ఆ నెలంతా సెక్షన్ ఆఫీసర్లు పేరావైజ్ రిమార్క్స్, అంటే పిటిషన్లోని ఒక్కో పేరాకి డిపార్ట్‌మెంట్ ఇచ్చే జవాబు, నాకు పంపడానికి జంకారు. రేపు ఎవరుంటారో, ఎవరి సంతకం చెల్లుతుందో అని టెన్షన్. "వాయిదా అడగండి సార్" అనేవారు. అప్పుడే ఒక అటెండరు భార్య ఫ్యామిలీ పెన్షన్ కేసు బోర్డుకొచ్చింది, అంటే ఆ రోజు విచారణ జాబితాలో ఉంది. భర్త పోయి చాలా కాలమైంది, కాగితాలన్నీ సరిగ్గా ఉన్నాయి, డిపార్ట్‌మెంట్ కదలడం లేదు. ఆమెకి వాయిదా అంటే ఇంకో నెల పస్తు. కేసు కాగితాల బండిల్ అట్ట మీద ప్రతివాదిగా ఉన్నది ముఖ్యమంత్రి పేరు కాదు, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం. లేచి, ఈమెకి డబ్బు రావాల్సిందే, అభ్యంతరం చెప్పడానికి ఫైల్లో ఏమీ లేదని బెంచికి చెప్పాను. ఆర్డరు అప్పుడే అయింది. సెప్టెంబరు 16న ఎన్టీఆర్ తిరిగొచ్చారు, రిమార్క్స్ మళ్లీ మామూలుగా రావడం మొదలైంది. ఎందుకు ఒప్పుకున్నావని నన్ను ఎవరూ అడగలేదు. అడిగినా అదే చెప్పేవాణ్ణి.

ఇప్పుడు ట్రిబ్యునల్ లేదు, సర్వీసు కేసులన్నీ నేరుగా మీ హైకోర్టుకే వస్తున్నాయి. రిమార్క్స్ ఒక్కటే చూసి ప్రభుత్వం తరఫు జవాబు (కౌంటర్) రాయకు, ఆఫీసర్లు లోపల రాసుకున్న నోట్ ఫైల్ కూడా తెప్పించుకో. అసలు సంగతి అందులోనే ఉంటుంది. పెన్షన్ కేసులు బోర్డులో ఎక్కడున్నా ముందురోజు రాత్రే చదువుకో. నా సర్వీసు రూల్స్ పుస్తకాలు కట్ట కట్టించి ఉంచాను, దసరాకి వచ్చినప్పుడు పట్టుకెళ్లు.

ఆశీస్సులతో,
నాన్న