జిల్లా విద్యాశాఖాధికారి గారికి బహిరంగ లేఖ

అయ్యా,

మా ఊరి ప్రాథమిక పాఠశాలకు స్మార్ట్ టీవీ ఇచ్చారు, సంతోషం. నెట్ లేక అది గోడకే అలంకారంగా ఉంది. టీచరు గారు సొంత ఫోన్‌లో వీడియో చూపిస్తే వెనక కూర్చున్న పిల్లలకు ఏమీ కనబడదు.

2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలగా రామ్‌సర్ గుర్తింపు పొందిన కొల్లేరు సరస్సు మాకు బస్సులో గంట దూరం. అక్కడి ఆటపాక పక్షుల కేంద్రంలో గూడబాతులను చూడటానికి ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. మా నాలుగో తరగతి పిల్లలు మాత్రం పక్షుల పాఠం బట్టీ పడుతున్నారు. కూలికెళ్లే తల్లిదండ్రులను బస్సు ఖర్చు ఎలా అడగమంటారు?

అర్జీలకు జవాబు రాలేదు కాబట్టే అందరి ముందూ రాస్తున్నాం. ఈ విద్యాసంవత్సరంలోనే బడికి ఇంటర్నెట్, చలికాలం వెళ్లేలోపు ఒక రోజు కొల్లేరు యాత్రకు అనుమతి, బస్సు మంజూరు చేస్తూ రాతపూర్వకంగా ఉత్తర్వు ఇప్పించండి.

ఇట్లు,
తల్లిదండ్రుల తరఫున ఒక తండ్రి