కొత్త మందిరం పునాదికి విరాళాలు: నిర్మాణ కమిటీ విజ్ఞప్తి

ప్రభువునందు ప్రియమైన సహోదరీ సహోదరులకు, ఉద్యోగాల కోసం ఊరు దాటి వెళ్లిన మన పిల్లలకు వందనాలు.

పాత మందిరాన్ని ఎందుకు పడగొట్టాల్సి వచ్చిందో మీకు తెలుసు. మనది నల్లరేగడి. వానలకు ఉబ్బుతుంది, ఎండాకాలం చెయ్యి దూరేంత నెర్రెలిస్తుంది. తూర్పు గోడకు ఎన్నిసార్లు సిమెంటు పూసినా మరుసటి ఏడాదికి పగులు మళ్లీ తెరుచుకునేది.

కొత్తది గుండ్రంగా కడుతున్నాం. "చర్చి పొడుగ్గా ఉండాలి గానీ ఇదేంటి, ధాన్యం గాదెలాగా?" అని కొందరు పెద్దలు అడిగారు. ఇది కొత్త ఫ్యాషనేమీ కాదండీ. యెరూషలేములో యేసు సమాధి చుట్టూ నాలుగో శతాబ్దంలోనే గుండ్రని కట్టడం లేచింది. అంత దూరం ఎందుకు, చెన్నై ఎగ్మోర్‌లో 1821 నాటి సెయింట్ ఆండ్రూస్ చర్చి ఉంది. 16 స్తంభాల మీద గుమ్మటం, లోపల నీలి రంగు, దాని మీద నక్షత్రాలు. అక్కడి మెత్తటి నేల ఇంజినీరు మేజర్ డి హావిలాండ్‌ని బాగానే టెన్షన్ పెట్టి ఉంటుంది. నేలలోకి బావులు దింపి, వాటి మీద పునాది లేపాడు. చూసొచ్చినవాళ్లు గుమ్మటం గురించే చెబుతారు, బావుల ఊసెత్తరు.

మనకిప్పుడు కావలసింది ఆ బావుల్లాంటివే. మన ఇంజినీరు గారు అండర్ రీమ్డ్ పైల్స్ వేయాలన్నారు. పైమట్టి కదలిక అందని లోతుకు గొయ్యి తవ్వి, అడుగున గంట ఆకారంలో వెడల్పు చేసి, ఇనుప చువ్వలు దింపి కాంక్రీటు పోస్తారు. పైల్స్ మీద గోడను మోసే బీమును మట్టి ఉబ్బినా ఎత్తకుండా, దాని కింద కాస్త ఖాళీ వదులుతారు. ఇందులో పొదుపు చేద్దామంటే కుదరదు. ఒక పక్క కుంగితే గుమ్మటం పగులుతుంది.

ఉన్నమాట చెప్పాలంటే గంటకీ, బెంచీలకీ, ఫ్యాన్లకీ దాతలు ముందే వచ్చారు. వాటి మీద పేరు రాయించుకోవచ్చు మరి. పైల్ మట్టిలో ఉంటుంది, పేరు కనబడదు. అందుకే మా అడుగుడంతా దానికే. ఒక్కో పైల్‌కి 18 వేల రూపాయలు. ఒక కుటుంబమే ఇవ్వొచ్చు, నలుగురు కలిసీ ఇవ్వొచ్చు. సిమెంటు బస్తాలు, ట్రాక్టరు ఇసుక ఇచ్చినా సంతోషమే. పది రూపాయలకైనా రసీదు రాస్తాం.

విదేశాల్లో ఉన్నవారికి ఒక మాట. మనకు ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల చట్టం) రిజిస్ట్రేషన్ లేదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవారు దయచేసి డబ్బు పంపొద్దు. ఇండియన్ పాస్‌పోర్టు ఉన్నవారు తమ బ్యాంకు ఖాతా నుంచి పంపొచ్చు.

వానలు మొదలైతే గోతుల్లో నీళ్లు నిలిచి పని ఆగిపోతుంది. కాబట్టి మే నెలాఖరులోగా ఇవ్వమని మనవి. ఆదివారం పందిట్లో ఆరాధన అయ్యాక కోశాధికారి గారు రసీదు పుస్తకంతో అక్కడే ఉంటారు. జమాఖర్చులు ప్రతి నెలా మొదటి ఆదివారం అందరి ముందూ చదివి వినిపిస్తాం.

ఇట్లు,
మందిర నిర్మాణ కమిటీ