గ్రీన్‌రూమ్ తాళంచెవి ఎవరి దగ్గరుంది? సాంస్కృతిక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

అయ్యా, నమస్కారం.

కోనసీమలో పదిమందిమి కలిసి నెట్టుకొస్తున్న పద్యనాటక సమాజం మాది. రాయబారంలో ధర్మరాజు వేషం నాదే, సమాజం లెక్కలు చూసేదీ నేనే. రెండింట్లోనూ పోగొట్టుకోవడమే నా వంతు.

మొన్న శివరాత్రి వెళ్ళాక ఒక పట్నంలో, కొత్తగా బాగుచేసిన ప్రభుత్వ హాల్లో ఆడాం. ఏసీ, మెత్తటి కుర్చీలు, గోడంత ఎల్‌ఈడీ స్క్రీను చూసి మావాళ్ళు మురిసిపోయారు. మేకప్ ఎక్కడ వేసుకోవాలని అడిగితే వాచ్‌మన్ జనరేటర్ పక్కన రేకుల షెడ్డు చూపించాడు. గ్రీన్‌రూమ్ లేక కాదు. బోర్డు కూడా ఉంది. లోపల పాత కుర్చీలు పేర్చి తాళం వేశారు. ఆ తాళంచెవి ఎవరి దగ్గరుందో నాటకం అయ్యేదాకా తేలలేదు.

ఇక్కడి ఉక్క మీకు తెలియంది కాదు. రేకుల కింద జింకు పౌడరు పూసింది పూసినట్టే కారిపోయింది. భీముడి మీసానికి స్పిరిట్ గమ్ పట్టలేదు. పద్యం మధ్యలో ఒక కొస ఊడి వేలాడితే జనం వన్స్‌మోర్ అన్నారు. పద్యానికో, మీసానికో!

అదంతా నవ్వుకుని మర్చిపోతాం. మర్చిపోలేనిది వేరే ఉంది. మా ద్రౌపది ఆ పూటకు మాట్లాడుకున్న ఆర్టిస్టు. తాడేపల్లిగూడెం నుంచి బస్సులో వచ్చింది. ఆవిడ బట్టలు మార్చుకోవడానికి చోటు లేక షెడ్డు మూల ఒక చీర అడ్డం పట్టుకుని ఇద్దరం అటు తిరిగి నిలబడ్డాం. ఒక కొస పట్టుకున్నది కిరీటం పెట్టుకుని ఉన్న ధర్మరాజుని, నేనే. బాత్రూమ్ లేదని ఆవిడ మధ్యాహ్నం నుంచి మంచినీళ్ళు ముట్టలేదు. రాత్రికి గొంతు ఎండి పైస్థాయి అందకపోతే హార్మోనిస్టు ఒక మెట్టు శ్రుతి దించి ఎలాగో గట్టెక్కించాడు.

కడియం చెళ్ళపిళ్ళ వారూ, యండగండి దివాకర్ల వారూ కలిసి తిరుపతి వేంకట కవులుగా రాసిన పద్యాలే మాకు ఇప్పటికీ అన్నం పెడుతున్నాయి. ఏటా ఏప్రిల్ 16న, కందుకూరి వారి జయంతి నాడు నాటకరంగ దినోత్సవం చేస్తారు. 1880లో ఆయన రాజమహేంద్రవరంలో నాటకం ఆడించిన సంగతి చెప్పి మాకు శాలువాలు కప్పుతారు. నా బీరువాలో ఓ అర నిండా శాలువాలే ఉన్నాయి. "అవి పట్టుకెళ్ళి అడ్డం కట్టాల్సింది" అంది మా ఆవిడ, సంగతంతా విని.

పింఛన్ల గురించీ పోటీల గురించీ పెద్ద సంఘాలవాళ్ళు అడుగుతూనే ఉన్నారు. నేను అడిగేది చిన్నపని. హాళ్ళు బాగుచేసే ఎస్టిమేట్లలో స్టేజీ వెనకభాగం కూడా చేర్పించండి. ఆడవాళ్ళకి వేరే గది, అద్దం, అద్దం మీద లైటు, ఫ్యాను, నీళ్ళొచ్చే బాత్రూమ్. అద్దె కట్టించుకున్న రోజే రసీదుతోపాటు గ్రీన్‌రూమ్ తాళంచెవి చేతికివ్వాలని ఒక సర్క్యులర్ వేయించండి. దానికి బడ్జెట్ కూడా అక్కర్లేదు.

ఇంకొకటి. తలుపుకి గడియ లోపలివైపు పెట్టించండి. మేం ఆడిన చాలా హాళ్ళలో అది బయటే ఉంది.

ఇట్లు,
ఒక ధర్మరాజు వేషధారి,
కోనసీమ