వాగుకి టెంకారా రాడ్ కావాలా? గ్రాముల సంగతి తర్వాత చూద్దాం

ఈమధ్య మా బెంగళూరు గాలాల షాపుకొచ్చేవాళ్లు ఎక్కువగా అడుగుతున్న మాట: "అన్నిటికన్నా తేలికైన టెంకారా రాడ్ ఇవ్వండి." ఇవ్వొచ్చు, అమ్ముడవుతుంది కూడా. కానీ వాగుల్లో వాడేవాళ్లకి ఇకమీదట బరువు చూసి రాడ్ చూపించడం మానేస్తున్నాం.

టెంకారా అంటే జపాన్ తరహా గాలంతో చేపలు పట్టడం. దీనికి దారం చుట్టే రీలు ఉండదు. ఒకదాంట్లోకి ఒకటి దూరే ముక్కలతో ముడుచుకునే కార్బన్ కర్ర, దాని కొసకి కట్టిన దారం, పురుగులా కనిపించేలా కట్టిన గాలపు ముల్లు (ఫ్లై), అంతే. 60 గ్రాములకీ 75 గ్రాములకీ తేడా కాటా మీద కనిపిస్తుంది. చేతికి తెలిసేది మాత్రం ఆ బరువు ఎక్కడుందన్నది. రెండూ 70 గ్రాములే అయినా 2.7 మీటర్లది చేతిలో ఉన్నట్టే ఉండదు, 3.9 మీటర్లది కాసేపటికే మణికట్టుని కిందికి లాగుతుంది. రాడ్‌ని పూర్తిగా సాగదీసి, పిడి పట్టుకుని ముందుకీ వెనక్కీ ఆడించి టక్కున ఆపండి. కొస వెంటనే నిలబడాలి. ఇంకా ఊగుతుంటే దారమూ వంకర్లు పోతుంది, ఫ్లై అనుకున్నచోట పడదు.

పొడవు తేల్చేవి చెట్లు. కొడగు, చిక్కమగళూరు వైపు చిన్న వాగుల మీద కొమ్మలు నెత్తికి తగులుతుంటాయి. అలాంటిచోట 2.4 నుంచి 3 మీటర్లు చాలు. పైన ఖాళీ ఉంటే 3.2 నుంచి 3.6. రెండు రకాల చోట్లకీ వెళ్లేవాళ్లకి పొడవు మార్చుకునే జూమ్ రాడ్ మేలు. బరువూ ధరా కాస్త ఎక్కువే, అయినా మా ఓటు దానికే.

2.7 మీటర్ల రాడ్‌కి 3వ నంబరు ఫ్లోరోకార్బన్ లెవెల్ లైన్ (మొదలు నుంచి చివరిదాకా ఒకే మందం ఉండే దారం) రెండున్నర మీటర్లు, దాని చివర ఫ్లైని కట్టే సన్నని దారం, అంటే టిప్పెట్, 5ఎక్స్ మందంది ఒక మీటరు. అంతకన్నా మందం టిప్పెట్ వద్దు. చిక్కుకున్నప్పుడు ముందు తెగాల్సింది అదే, అది తెగకపోతే కొస విరుగుతుంది. రిపేరుకొచ్చేవాటిలో ఎక్కువ ఈ బాపతే: ఫ్లై కొమ్మకి పట్టింది, రాడ్ వంచి గుంజారు, చివరి ముక్క పోయింది. రాడ్‌ని దారానికి సూటిగా పెట్టి, లైన్‌ని చేత్తో పట్టుకుని లాగాలి. తెరిచేటప్పుడు కొస ముక్కతో మొదలుపెట్టండి, మూసేటప్పుడు పిడి పక్కనున్న లావు ముక్కతో. తడిగా మూసేస్తే ముక్కలు బిగుసుకుపోతాయి. ఇంటికెళ్లాక అడుగు మూత విప్పి, ముక్కలు బయటికి తీసి ఆరబెట్టాలి.

అందుకే కొసనుండే రెండు ముక్కలూ విడిగా దొరకని మోడల్ ఎంత తేలికైనా ఇక తెప్పించం. గుంజి విరిచినదానికి వారంటీ లేదు. ముక్క ఖరీదు తీసుకుని, కూలి లేకుండా మార్చిస్తాం.

మహసీర్ కోసమైతే టెంకారా అడగొద్దండీ. పెద్ద చేప పరిగెత్తితే వదలడానికి మన దగ్గర దారం ఉండదు. పరకల్లాంటి చిన్న చేపలకి, నీలగిరుల ట్రౌట్‌కి ఇది సరిపోతుంది. ఎక్కడికెళ్లినా మత్స్యశాఖ, అటవీశాఖ అనుమతి సంగతి ముందే కనుక్కోండి. అభయారణ్యాల జోలికి వెళ్లొద్దు.

రాడ్ సాగదీసి చూడ్డానికి షాపు వెనక ఖాళీ జాగా ఉంది. ముందు రోడ్డు మీద మాత్రం తెరవకండి, పైన కరెంటు తీగలున్నాయి. కార్బన్‌లో కరెంటు పారుతుంది.