అతుకులు చాలు, పైపు మార్చండి

సంపాదకులకు నమస్కారం.

గత నెలలో విశాఖపట్నంలో మా వీధి చివర మంచినీళ్ల మెయిన్ పైపు పగిలింది. మూడు రోజులు కొళాయి రాలేదు. నాలుగో రోజు వచ్చిన నీళ్లు తుప్పు రంగులో ఉంటే, మా కోడలు పట్టిన రెండు బిందెలూ మొక్కలకు పోసేసింది.

నేను 31 ఏళ్లు పైపులైను ఫిట్టర్‌గా పనిచేసి రిటైరయ్యాను. మనసు ఊరుకోక గుంట దగ్గరికి వెళ్లి చూశాను. పగిలిన చోటికి ఆరేడు గజాల్లో ఒకప్పుడు నేను సీసం పోసిన జాయింటు ఉంది. పోత ఇనుప పైపు సాకెట్టులో, అంటే పక్క పైపు దూరే వెడల్పు మూతిలో, జనపనార దట్టించి, చుట్టూ బంకమట్టి కట్టి, కరిగిన సీసాన్ని ఒకే ఊపున పోసేవాళ్లం. మధ్యలో చెయ్యి ఆగితే ఆ జాయింటు పనికిరాదు. చల్లారాక ఉలి పెట్టి సుత్తితో చుట్టూ కొట్టి బిగించేవాళ్లం. అప్పట్లో ఆ రోడ్డు మీద లారీలు ఇన్ని తిరిగేవి కావు. ఇప్పుడు నేల అదురుతోంది, సీసం సడలుతోంది, సముద్రపు ఉప్పు పైపును బయటి నుంచి తినేస్తోంది.

లోపలి సంగతి కూడా చెప్పాలి. ఒకసారి కోసి తీసిన ఆరు అంగుళాల పైపులో తుప్పు గడ్డలు కట్టి నాలుగు అంగుళాల దారే మిగిలింది. దారి అంత తగ్గితే, అదే ఒత్తిడికి వచ్చే నీళ్లు ఇంచుమించు మూడోవంతుకు పడిపోతాయి. చివరి ఇళ్లకు నీళ్లు ఎక్కడం లేదంటే ప్రతిసారీ రిజర్వాయర్లో నీళ్లు లేవని కాదు.

మన ఊరికి నీళ్లు దగ్గర్లో పుట్టినవి కావు. అనంతగిరి కొండల్లో పుట్టిన గోస్తని నది నీళ్లు తాటిపూడి రిజర్వాయర్ నుంచి వస్తాయి. ఏలేరు రిజర్వాయర్ నీళ్లు 150 కిలోమీటర్లకు పైగా కాలువలో నడిచి వస్తాయి. కొత్తగా గోదావరి నీళ్లు తెస్తామంటే సంతోషమే. కానీ అంత దూరం నుంచి తెచ్చిన నీళ్లు మా వీధి దాకా వచ్చి మట్టిలో ఇంకిపోతుంటే నాకు కడుపు తరుక్కుపోతుంది.

ఇంకా భయపెట్టేది మురుగు. పాత పేటల్లో నీళ్ల పైపు, మురుగు కాలువ పక్కపక్కనే పోతాయి. నీళ్లు వదిలినంతసేపు లీకు బయటికి కారుతుంది. వాల్వు కట్టగానే పైపు ఖాళీ అవుతూ అదే చిల్లు లోంచి చుట్టూ ఉన్న మురుగును లోపలికి లాగుతుంది. నీళ్లు రోజూ కాసేపే వదిలే చోట ఇది రోజూ జరిగే ప్రమాదమే. పసిపిల్లలున్న ఇళ్లలో ఎంత టెన్షనో వేరే చెప్పక్కర్లేదు.

పగిలిన చోట అతికితే పని అయిపోదు. మళ్లీ నీళ్లు వదిలేటప్పుడు వాల్వు తొందరగా తిప్పితే లోపల నీళ్లు సుత్తిలా కొడతాయి, పక్కనున్న బలహీనమైన జాయింటు ఊడుతుంది. అది అతికితే ఇంకోటి. కేంద్ర నీటి సరఫరా మాన్యువల్ ప్రధాన పైపులైన్లను 30 ఏళ్ల అవసరానికి డిజైన్ చేయమంటుంది. అందుకని, ఆ గడువు దాటినవేవో తెలిసేలా, ఏ పైపు ఎప్పుడు వేశారు, ఎన్నిసార్లు అతికారు అన్నది వార్డువారీగా రాసి పెట్టి, అతుకులు ఎక్కువ ఉన్న లైన్లను, మురుగు పక్కన పోయే లైన్లను ముందు మార్చాలి. రబ్బరు రింగు జాయింట్ల డక్టైల్ ఐరన్ (పోత ఇనుమంత పెళుసు కాని ఇనుము) పైపులు నేల కాస్త కదిలినా ఓర్చుకుంటాయి. దారిలో వాల్వులు దగ్గరదగ్గరగా పెడితే ఒకచోట పగిలినందుకు పేటంతా ఎండిపోదు. ఖర్చు ఎక్కువే, కాదనను. ఏటా కొంత దూరం చొప్పున మార్చినా చాలు.

గుంట పూడ్చిన చోట నిన్న మళ్లీ తడి కనిపించింది. ఇనుప కడ్డీ ఒక కొస నేలకు, రెండో కొస చెవికి ఆనించి విన్నాను. లోపల సన్నగా లీకు చప్పుడు వస్తోంది. ఫిర్యాదు ఇచ్చాను. ఈసారైనా ఇంకో క్లాంపు బిగించి వెళ్లిపోకుండా, ఈ వాల్వు నుంచి ఆ వాల్వు దాకా పైపు మొత్తం మార్చమని సంబంధిత అధికారులను వేడుకుంటున్నాను.

— ఒక రిటైర్డ్ ఫిట్టర్, అల్లిపురం, విశాఖపట్నం