మా బడి రిజిస్టర్ చదివిపెట్టిన ఉర్దూ సార్‌కి, మా ఊరి పెద్దలకి కృతజ్ఞతలు

నల్గొండ జిల్లాలోని మా ఊరి సర్కారు బడి చరిత్ర రాద్దామని మొదలుపెట్టి ఏడాది దాటింది. నిన్నటితో పాత రిజిస్టర్‌లో మొదటి యాభై పేజీలు చదవడం అయిపోయింది. ఇంకా ఆలస్యం చేయకుండా థాంక్స్ చెప్పాలి.

బడి బీరువా అడుగున దొరికిన ఆ పుస్తకాన్ని దాఖిల్ ఖారిజ్ అంటారట, పిల్లలు చేరినదీ బడి వదిలినదీ రాసేది. నిజాం కాలంలో సర్కారు భాష ఉర్దూ కాబట్టి మొత్తం ఉర్దూలోనే ఉంది, అది కూడా అక్షరాలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయే శికస్తా రాత. ఫోన్‌లో యాప్ పెట్టి చూస్తే ఒక్క పేరూ సరిగ్గా రాలేదు. అప్పుడు మా హెడ్ మేడం పక్క టౌన్‌లో ఉండే రిటైర్డ్ ఉర్దూ సార్ దగ్గరికి తీసుకెళ్లారు. ఆయన ముందు రెండు పేజీలే చూస్తానన్నారు, తర్వాత ఏడు నెలలు ప్రతి ఆదివారం బస్సెక్కి మా ఊరికి వచ్చారు, చార్జీలు ఇస్తామన్నా ఒక్కసారీ తీసుకోలేదు.

సార్ లేకపోతే మేం బడి పుట్టిన సంవత్సరమే తప్పు రాసేవాళ్లం. మొదటి పేరు ఎదురుగా ఫస్లీ (నిజాం సర్కారు వాడిన క్యాలెండర్) 1346, అమర్దాద్ నెల అని ఉంది. ఫస్లీకి 590 కలిపితే ఇంగ్లిష్ సంవత్సరం వస్తుందని ఎవరో చెబితే 1936 అని రాసేసుకున్నాం, ఫ్లెక్సీకి కూడా ఇవ్వబోయాం. హైదరాబాద్ ఫస్లీ సంవత్సరం అక్టోబర్‌లో ఆజూర్ నెలతో మొదలవుతుంది కాబట్టి డిసెంబర్ దాకే 590 కలపాలి, జనవరి నుంచి 591 అని సార్ కాగితం మీద లెక్క వేసి చూపించారు. అమర్దాద్ అంటే జూన్, అంటే మా బడి 1937లో మొదలైంది. బోర్డు మీద తహతానియా అని ఉండేదని ముసలివాళ్లు చెబుతుంటే మాకు అర్థం అయ్యేది కాదు, అది ప్రైమరీ అని, తర్వాత వస్తానియా, ఆపైన ఫౌఖానియా అని చెప్పింది కూడా సారే.

పేర్ల దగ్గరే అసలు కష్టం. ఆ రాతలో ఎల్లయ్య, అయిలయ్య ఒకటే తీరుగా కనపడతాయి. అందుకని వేపచెట్టు కింద మంచాలు వేసి, సార్ ఒక్కో పేరూ, తండ్రి పేరూ గట్టిగా చదివితే పెద్దలు గుర్తుపట్టేవాళ్లు. ఆ బడిలోనే చదివిన తొంభై ఏళ్లు దాటిన తాత ఒకసారి సార్‌ని ఆపి, "ఎల్లయ్య గాదు సారూ, అయిలయ్య. మా చిన్నాయన. రెండో తరగతిల బడి ఇడిశిపెట్టి జీతముండవోయిండు" అన్నాడు, అంటే పాలేరుగా కుదిరాడని. రిజిస్టర్‌లో ఆ పేరు ఎదురుగా కారణం గడి ఖాళీగా ఉంది. మా నోట్‌బుక్‌లో ఇప్పుడు ఆ గడి నిండింది. ఇలాంటివి చాలా ఉన్నాయి, ఒక్కోటి రాసుకుంటుంటే నాకు గొంతు పట్టేసింది.

తాత మాటలన్నీ ఓపిగ్గా ఫోన్‌లో రికార్డ్ చేసిన ఆయన మనవరాలికి, చెదలు పట్టిన అట్టల్ని విప్పి ఎండలో కాకుండా నీడలో ఆరబెట్టాలని చెప్పి దగ్గరుండి చేయించిన లైబ్రరీ అన్నకి, ఆదివారాలు కూడా గేటు తీసిన అటెండర్ అన్నకి, ప్రతిసారీ చాయ్ పంపిన ఎదురింటి అక్కకి మనసారా కృతజ్ఞతలు.

1948 పోలీసు చర్య తర్వాతి పేజీలు ఇంకా మిగిలే ఉన్నాయి, అక్కడి నుంచి ఫస్లీ తారీఖుల పక్కన ఇంగ్లిష్ తారీఖులు కనపడుతున్నాయి. మీ ఇళ్లల్లో తాతల టీసీలు, బడి ముందు దిగిన గ్రూప్ ఫోటోలు ఉంటే ఒకసారి చూపించండి, అక్కడే ఫోటో తీసుకుని మీవి మీకే ఇచ్చేస్తాం.

సార్, వచ్చే ఆదివారం మీరు బస్సెక్కొద్దు. పొద్దున తొమ్మిదింటికి బండి తీసుకుని నేనే మీ ఇంటికి వస్తాను.