శనివారం లెక్కలో "రాలేదు" అని కనబడితే కంగారు పడకండి

పలాసలో మా దగ్గర జీడిపప్పు తీసుకునే షాపుల వాళ్లందరికీ ఒక మాట. ప్రతి శనివారం సాయంత్రం మీ వాట్సాప్‌కి వచ్చే బాకీ స్టేట్‌మెంట్ ఈ వారం నుంచి కొంచెం వేరుగా ఉంటుంది. కొన్ని గళ్లలో అంకెకు బదులు "రాలేదు" అనో "కలవలేదు" అనో ఉంటుంది. నమూనా పంపగానే టెక్కలి నుంచి ఒకాయన ఫోన్ చేసి "ఏటండీ ఇది, నేను కట్టింది రాలేదంటారేటి?" అని గట్టిగానే అడిగారు. డబ్బులు ఎక్కడికీ పోలేదండీ. మీరు కట్టినట్టు చెప్పాల్సిన ఫైలు ఇంకా మా కంప్యూటర్‌కి చేరలేదు, అంతే దాని అర్థం.

మీ లెక్క మూడు చోట్ల నుంచి వస్తుంది. గోడౌన్‌లో ఏ రోజు డిస్పాచ్‌కి ఆ రోజు ఒక ఎక్సెల్ ఫైలు, లైను మీదకి (ఊళ్ల వెంట షాపులకి) వెళ్లే కుర్రాళ్లు ఫోన్‌లో నింపే గూగుల్ షీట్, బ్యాంకు సైటు నుంచి దింపుకునే స్టేట్‌మెంట్. వీటిని ఎక్సెల్‌లోనే ఉండే పవర్ క్వెరీ అనే సాధనం లాక్కొచ్చి, పార్టీ వారీగా కలిపి, బాకీ తేలుస్తుంది. 2016 ఎక్సెల్ నుంచి అది లోపలే వస్తోంది, వేరే సాఫ్ట్‌వేర్ కొనక్కర్లేదు. మీలో చాలామంది మీ షాపుల్లోనూ ఇలాంటివే వాడుతున్నారు కాబట్టి కొంచెం లోపలికి వెళ్లి చెప్తాను, ఓపిక లేనివాళ్లు చివరి పేరా చదివితే చాలు.

ఫైలు లేకపోతే క్వెరీ (ఫైళ్లు తెచ్చి కలపమని మనం అందులో రాసిపెట్టే ఆదేశం) ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుందిలే అనుకుంటాం. ఒకే ఫైలు పేరు ఇచ్చి లింక్ చేస్తే నిజంగానే ఆగుతుంది, కానీ షీట్ మీద మాత్రం కిందటిసారి వచ్చిన అంకెలు అలాగే ఉండిపోతాయి, ఎర్రర్ డబ్బాని మూసేసి చూసినవాడికి అవి ఈ వారం అంకెల్లాగే కనిపిస్తాయి. ఫోల్డర్ మొత్తాన్ని లింక్ చేస్తే ఇంకో చిక్కు. అందులో ఆరు ఫైళ్లు ఉండాల్సిన చోట ఐదే ఉంటే ఆ ఐదింటినీ కలిపేసి, పని పూర్తయిందని చెప్తుంది. ఆరోది రావాలని దానికి ఎవరు చెప్పారు గనక? గురువారం పాలకొండ లైను ఫైలు రాకపోతే, ఆ రోజు పాలకొండలో ఎవరూ పైసా కట్టనట్టే మొత్తం తేలుతుంది, ఎక్కడా ఎర్ర గుర్తు ఉండదు. నాకు అసలు టెన్షన్ పెట్టేది ఈ రకమే.

అందుకని ఇప్పుడు ముందు రావాల్సినవాటి పట్టిక ఒకటి పెట్టాను. ఏ తారీఖున ఏ లైను నుంచి ఫైలు రావాలో అందులో ఉంటుంది. దాన్ని వచ్చిన ఫైళ్ల జాబితాతో లెఫ్ట్ యాంటీ అనే పద్ధతిలో కలిపితే, పట్టికలో ఉండి ఫోల్డర్‌లో లేనివి మాత్రమే బయటపడతాయి. ఆ లైను షాపుల లెక్కలో ఆ రోజుకి "రాలేదు" అని పడుతుంది. వాన గట్టిగా పడి నెట్ పోయిన రోజు ఇది ఎక్కువే కనబడొచ్చు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు మా పలాస వైపు ఉద్దానం ప్రాంతాన్ని చూసినవాళ్లకి కరెంటూ సిగ్నలూ లేని రోజుల గురించి నేను చెప్పక్కర్లేదు.

రెండోది ఫైలు వచ్చి, లోపల గడి పాడైన సందర్భం. లైను కుర్రాడు జమ కాలమ్‌లో "5000 ఫోన్‌పే" అని కొడతాడు. మనిషికి అర్థమవుతుంది, కంప్యూటర్‌కి అది అంకె కాదు. పవర్ క్వెరీలో అది ఎర్రర్ అవుతుంది, కానీ షీట్‌లోకి దిగేసరికి ఆ గడి ఉత్త ఖాళీ! పక్కన క్వెరీల జాబితాలో ఇన్ని వరసలు వచ్చాయి, ఇన్ని ఎర్రర్లు అని చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది, దాన్ని నొక్కితే ఏ వరసలో తేడానో చూపిస్తుంది. ఎవరు నొక్కుతారు? గూగుల్ షీట్‌లోని క్వెరీ ఫార్ములా అయితే ఆ మాత్రం కూడా చెప్పదు. కాలమ్‌లో ఎక్కువ అంకెలుంటే దాన్ని అంకెల కాలమ్‌గా తీసుకుని, మధ్యలో అక్షరాలున్నవాటిని ఖాళీగా లెక్కేస్తుంది. మీ 5000 అలా చప్పుడు లేకుండా జారిపోతుంది.

దీనికి చాలామంది చేసే మందు, ఎర్రర్ వస్తే సున్నా వెయ్యమని ఇఫ్ఎర్రర్ పెట్టడం. షీట్ చూడ్డానికి శుభ్రంగా ఉంటుంది. నా లెక్క ప్రకారం మాత్రం డబ్బుల దగ్గర అది పెట్టకూడని పని, ఎందుకంటే సున్నా అంటే మీరు కట్టలేదని మేము రాసిచ్చినట్టు, ఖాళీ అంటే మాకింకా తెలియదని. ఈ రెండూ ఒకటి కావు కదా. పవర్ క్వెరీలో ట్రై, అదర్‌వైజ్ అని రాసుకోవచ్చు, అందులో సున్నాకి బదులు నల్ (విలువ తెలియదని చెప్పే ఖాళీ) పెట్టాను. పాత బాకీలోంచి నల్ తీసేస్తే వచ్చేది నల్లే, కాబట్టి ఆ షాపు బాకీ తప్పుగా తేలే బదులు అసలు తేలకుండా ఆగుతుంది. నాకు కావలసింది అదే. ఒక జాగ్రత్త, లిస్ట్ సమ్ అనే కూడిక ఫార్ములాతో మొత్తం వేస్తే అది నల్‌లని వదిలేసి మిగతావి కూడేస్తుంది, ఏమీ జరగనట్టే ఉంటుంది.

తేదీలదీ అదే బాపతు. బ్యాంకు 05/06 అని ఇస్తే మనకి జూన్ 5, కంప్యూటర్ అమెరికా పద్ధతిలో ఉంటే మే 6. 13/06 వచ్చినప్పుడే ఎర్రర్ ఇస్తుంది, పదమూడో నెల లేదు గనక. అంటే 12 లోపు తేదీలు దాదాపు అన్నీ తప్పుగా, ధీమాగా లోపలికి వచ్చేస్తాయి. తేదీలు మన దేశం పద్ధతిలో చదవమని, ఇంగ్లిష్ ఇండియా లొకేల్ అనే సెట్టింగ్ విడిగా చెప్పి మార్పించాను.

ఇక "కలవలేదు" సంగతి. జమ వచ్చింది, ఎవరిదో తేలలేదని అర్థం. వెంకటేశ్వర పేరుతో మన లైన్లలో ఎన్ని షాపులున్నాయో మీకే తెలుసు. పేరు చివర ఒక స్పేస్ ఎక్కువైనా, ఇంగ్లిష్‌లో పెద్దక్షరం చిన్నదైనా కలవదు. దగ్గర పోలిక చూసి కలిపే ఫజీ మ్యాచ్ ఉంది, దాన్ని వాడితే బొబ్బిలి ఆయన డబ్బు చీపురుపల్లి ఆయన ఖాతాలో పడుతుంది, తర్వాత నేను ఇద్దరికీ జవాబు చెప్పాలి. వాడను. జిల్లా పేరుతో కలపడం కూడా మానేశాను, 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారాక రాజాం విజయనగరంలోకి, పాలకొండ పార్వతీపురం మన్యంలోకి వెళ్లాయి, మా పాత పట్టికల్లో రెండూ శ్రీకాకుళమే. ఇప్పుడు ఖాతా నంబరు ఒక్కటే ఆధారం.

మీరు చెయ్యాల్సింది కొంచెమే. యూపీఐలో పంపేటప్పుడు నోట్ దగ్గర మీ ఖాతా నంబరు కొట్టండి, షాపు పేరు వద్దు. ఆ నంబరు మీ బిల్లు మీద కుడివైపు పైన ఉంటుంది. "రాలేదు" లేదా "కలవలేదు" ఉన్న స్టేట్‌మెంట్ చూసి డబ్బు కట్టకండి, అది సగం లెక్క. మిగిలింది సోమవారం మధ్యాహ్నంలోగా పంపుతాం, అప్పటిదాకా ఆ షాపుకి సరుకు ఆపం. మీ దగ్గర రసీదు ఉంటే ఫోటో తీసి అదే వాట్సాప్‌లో పెట్టండి, మా షీట్‌లో ఏముందన్నది పక్కనపెట్టి ముందు రసీదు ప్రకారమే జమ రాస్తాం. జీడిపప్పులో 240 రకం గుండ్లు (విరగని పప్పు), బద్దల కొత్త రేట్లు విడిగా పంపుతాను, ఇందులో కలిపితే మళ్లీ గందరగోళం.